ముఖచిత్ర తాత్పర్యము: ‘అబీ రోడ్’ రికార్డు అట్టపై అభిమానుల వాదము

తెలుగువారి యిండ్లలో గ్రామఫోను పెట్టెకు పెద్దపీట వేయబడిన దినములలో, అక్షరము రానివారు సైతము కుక్కబొమ్మను చూచి రికార్డును గుర్తుపట్టెడివారు. బాకా యెదుట కూర్చుండి చెవియొగ్గి వినుచున్న ఆ కుక్క ‘హిజ్ మాస్టర్స్ వాయిస్’ అను వ్యాపారచిహ్నము. దానిని చిత్రించినవాడు ఫ్రాన్సిస్ బరాడ్ అను ఆంగ్లేయుడు. ఆయన మొదట చిత్రించినది గొట్టపు రికార్డులను పాడించు పాతకాలపు యంత్రము. 1899లో దానిని మార్చి, పళ్లెపు రికార్డుల యంత్రమును చిత్రించి గ్రామఫోను కంపెనీకి అమ్మెను. ఈ చిత్రమును గూర్చి యొక కథ చిరకాలముగ లోకమున నున్నది. కుక్క కూర్చుండినది బల్లమీద కాదట. మరణించిన యజమాని శవపేటిక మీదనట. వినుచున్నది పోయినవాని కంఠస్వరమట. చిత్రములో నున్నది మెఱుగుపెట్టిన చెక్క మాత్రమే. ఆ నిగనిగయే కథ పుట్టుటకు చాలినది.

ఒక చిత్రము, ఒక మరణము, రెంటినడుమ నొక ఊహ. డెబ్బది యేండ్ల తరువాత అదే కంపెనీ వంశమునకు చెందిన మఱియొక చిత్రము విషయమున ఈ మూడును మరల కలిసికొనినవి. లండను నగరమున అబీ రోడ్ అను వీథిలో గ్రామఫోను కంపెనీవారి ధ్వనిముద్రణాలయము 1931 నవంబరులో ప్రారంభమైనది. ఆ యేడే ఆ కంపెనీ మఱియొక కంపెనీతో కలిసి ఇ.ఎం.ఐ. అయినది. లివర్‌పూల్ యువకులు నలుగురు, జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జి హారిసన్, రింగో స్టార్ అనువారు, ‘బీటిల్స్’ అను పేర 1962 మొదలు తమ పాటలలో పెక్కింటిని అచ్చటనే రికార్డు చేసిరి. 1969 సెప్టెంబరు 26న వెలువడిన వారి లాంగ్ ప్లే రికార్డునకు ఆ వీథి పేరే పెట్టబడినది. దాని అట్టపై నున్న ఛాయాచిత్రమును గూర్చి అభిమానులు చేసిన వాదము ప్రసిద్ధము. ఆ వాదమును పరిశీలించి, చిత్రమునకు అర్థము చెప్పుటలో హద్దు ఎచ్చట నున్నదో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

అట్ట పుట్టిన విధము

రికార్డునకు మొదట అనుకొన్న పేరు ‘ఎవరెస్ట్’. ధ్వనిముద్రణ నిపుణు డొకడు కాల్చెడి సిగరెట్ల పెట్టెపై నున్న పేరది. ఆ పేరే నిలిచినచో ఛాయాచిత్రము కొఱకు హిమాలయముల దాక పోవలసియుండునను మాట వచ్చినది. అంత దూరము పోవుటకు వారికి ఓపిక లేకపోయెను. తలుపు తెఱచుకొని వీథిలోనికి వచ్చిన చాలునను ఆలోచన నిలిచినది. ఎట్లు నడువవలెనో మెకార్ట్నీ కాగితముపై గీచి చూపెను.

1969 ఆగస్టు 8వ తేదీ శుక్రవారమునాడు ఇయాన్ మెక్‌మిలన్ అను ఛాయాగ్రాహకుడు నడివీథిలో నిచ్చెన వేసికొని యెక్కెను. పోలీసువా డొకడు వాహనములను ఆపెను. నలుగురును పాదచారుల చారలదారిని ఇటునుండి అటును, అటునుండి ఇటును దాటిరి. పది నిమిషములలో ఆఱు చిత్రములు తీయబడినవి. వానిలో ఐదవది ఏరుకొనబడినది. నలుగురి కాళ్లును ఒక్కతీరున కత్తెరవలె విచ్చుకొని చక్కగా కుదిరిన చిత్రము అదియే. అట్టకు రూపకల్పన చేసిన జాన్ కోష్, ముందువైపున రికార్డు పేరుగాని గాయకుల పేరుగాని వేయలేదు. అంత ప్రసిద్ధులకు పేరుచీటీ అక్కఱలేదని ఆయన భావము.

చిత్రములో అందఱికంటె ముందు తెల్లని దుస్తులతో లెనన్. వెనుక నల్లని దుస్తులతో స్టార్. ఆ వెనుక వట్టికాళ్లతో మెకార్ట్నీ. తుదిని ముతక నీలిబట్టలతో హారిసన్. ఎడమవైపున కాలిబాట నానుకొని తెల్లని వోక్స్‌వాగన్ కారు. వెనుక అట్టపై వీథిపేరు గల గోడ, దాని ముందు నీలిగౌను తొడిగి చరచర దాటిపోవుచున్న యొక యువతి మసకరూపు. అట్టపై కంటికి ముఖ్యముగ కనిపించున దింతియే.

అభిమానులు చదివిన కథ

1969 అక్టోబరు 12న అమెరికాలోని డెట్రాయిట్ రేడియో కేంద్రమునకు శ్రోత యొకడు టెలిఫోను చేసి, మెకార్ట్నీ జీవించి లేడనియు, అందులకు ఆధారములు రికార్డులలోనే యున్నవనియు చెప్పెను. కళాశాల విద్యార్థులలో ఈ మాట అంతకు ముందే పాకుచుండినది. రెండు దినముల తరువాత మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల పత్రికలో ఫ్రెడ్ లాబూర్ అను విద్యార్థి ‘అబీ రోడ్’ను సమీక్షించుచు, సాక్ష్యముల పట్టిక నొకదానిని ప్రకటించెను. మెకార్ట్నీ 1966లో కారు ప్రమాదమున మరణించెననియు, పోలికలు గల వేఱొకడు ఆయన స్థానమున నిలుపబడెననియు, ఆ రహస్యమును మిగిలిన మువ్వురు అట్టలపై గుఱుతులుగ దాచి యుంచిరనియు కథాసారము.

ఈ దృష్టితో చూచినవారికి చిత్రము శవయాత్రయైనది. తెల్లబట్టల లెనన్ పురోహితుడు; నల్లబట్టల స్టార్ శవసంస్కారము చేయించువాడు; ముతకబట్టల హారిసన్ గోతిని త్రవ్వువాడు; వట్టికాళ్ల మెకార్ట్నీ శవము. ఆయన యడుగు తక్కినవారి యడుగుతో కలియలేదు. ఎడమచేతి వాటము గలవాడు సిగరెట్టును కుడిచేత పట్టెను. కారు సంఖ్యాఫలకమున ‘ఎల్.ఎం.డబ్ల్యు.’ అను అక్షరములు ‘లిండా మెకార్ట్నీ విడో’ అనుటకు సంక్షేపము, ‘28 ఐ.ఎఫ్.’ అనునది ‘బ్రతికియున్నచో 28’ అనుటకు సూచన. వెనుక గోడపై బీటిల్స్ అను పేరు కనబడును. దాని చివరి అక్షరము మీదుగా ఒక బీట సాగినది. అదియు నొక సాక్ష్యమే.

వాదమునం దిమిడినవారందఱును ఈ కథను నమ్మిరని తలపరాదు. కొందఱు నమ్మిరి, కొందఱు నవ్విరి, మఱికొందఱు పొడుపుకథ విప్పుట యందలి సంతోషము కొఱకే వెదకిరి. కాని నమ్మినవాడును నవ్వినవాడును అట్టను కన్నులయొద్ద పెట్టుకొని అంగుళమంగుళమును చూచిరి. ఆ శ్రద్ధ సామాన్యమైనది కాదు. చిత్రమును ప్రేమించినవారే అంతగా చూతురు. తప్పు శ్రద్ధలో లేదు. శ్రద్ధ పోయిన త్రోవలో నున్నది.

ఆధారముల పరీక్ష

మొదట వేషములను చూతము. రంగునకు అర్థము దేశాచారమును బట్టి వచ్చునేగాని రంగునుండి రాదు. ఆంగ్లేయులకు నలుపు శోకవర్ణము. తెలుగునాట పలు కులములలో వైధవ్యమునకు గుర్తైనది తెలుపు. తెలుగు ముదుసలి యొకతె ఈ చిత్రమును చూచియుండినచో, లెనన్‌నే దుఃఖములో నున్నవాడని తలచియుండును. చెప్పులు లేని మెకార్ట్నీని చూచి, ఏ గుడికో పోవుచున్నాడని సంతోషించియుండును. బీటిల్స్ పేరున నున్న బీటను జూచి తెలుగువాడు మఱియొక శ్లేషను కల్పింపవచ్చును. అది ఆ గోడకును తెలియదు, ఆ గాయకులకును తెలియదు. ఒకే చిత్రమునుండి పరస్పర విరుద్ధములైన కథలు ఇంత సులువుగ వచ్చుచున్నచో, కథ చిత్రములోనిది కాదని తేలుచున్నది.

ఇక సంఖ్య. మెకార్ట్నీ 1942 జూను 18న జన్మించెను. రికార్డు వెలువడునాటికి ఆయనకు నిండినవి 27 సంవత్సరములు. 28 అనుట లెక్కకు కుదరదు. తెలుగువారు నడచుచున్న యేటిని చెప్పుదురు గాన, మనకు ఆయన 28వ యేట నున్నవాడే. కాని ఆంగ్లభాషలో పుట్టిన చిక్కును తెలుగు లెక్కతో విప్పుట వాదమును గెలిపించుట కాదు. ఏ లెక్కనైనను ఏదో యొక విధముగ సరిపెట్టవచ్చునని చూపుటయే. ఆ కారు గాయకులది కాదు, పరిసరముల నివసించువారిది. దాని సంఖ్యాఫలకమును మాత్రము అభిమానులు పలుమాఱు లెత్తుకొనిపోయిరి.

వట్టికాళ్ల విషయము మఱింత స్పష్టము. అదే దినమున తీసిన ఆఱు చిత్రములలో కొన్నింట మెకార్ట్నీ కాళ్లకు చెప్పులున్నవి. ఎండ వేడిమికి నడుమ విడిచెను. అట్లే కొన్నింట నలుగురును ఎదురు దిక్కునకు నడచుచున్నారు. ఒక్క ప్రతినే చూచి పాఠమును నిర్ణయించినవాడు చిక్కులో పడుననుటకు ఇది మంచి నిదర్శనము. పలు ప్రతులను సరిచూచి గాని పరిష్కర్త పద్యపాఠమును నిర్ణయింపడు గదా.

శాసనములు చదువువారికి మఱియొక సాక్ష్యము ఆసక్తికరముగ నుండును. 1967 నాటి ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ అట్ట లోపలి చిత్రమున మెకార్ట్నీ చొక్కాచేతిపై ఒక గుడ్డబిళ్ల యున్నది. అందలి అక్షరములను అభిమానులు ‘ఓ.పి.డి.’ అని చదివి, మరణ ప్రకటనమునకు సంక్షేపముగ వివరించిరి. బిళ్లపై నున్నది ‘ఓ.పి.పి.’, అది కెనడా దేశపు అంటారియో రాష్ట్ర పోలీసు బిళ్ల. బట్ట మడతపడుటచే తుది యక్షరము మాఱినట్లు కనబడెను. రాగిరేకుపై చిలుము పట్టిన అక్షరమును తప్పుగ చదివి, లేని రాజును పుట్టించుట చరిత్రకారు లెఱుగని పని కాదు. విశేషమేమనగా, మెకార్ట్నీ సైతము తరువాత దానిని గూర్చి చెప్పుచు ‘ఓ.పి.డి.’ అనియే పలికి, అది పోలీసుశాఖ పేరై యుండునని ఊహించెను. ధరించినవాని మాటకంటె బిళ్లయే ప్రమాణము.

లాబూర్ తన పట్టికలోని అంశములలో పెక్కు తాను కల్పించినవేనని తరువాత ఒప్పుకొనెను. ఐనను వాదము ఆగలేదు. ‘లైఫ్’ పత్రిక ప్రతినిధులు స్కాట్లండులోని పొలమునకు పోయి, మెకార్ట్నీని కుటుంబముతో కూడ ఛాయాచిత్రము తీసి, 1969 నవంబరు 7 నాటి సంచికలో ప్రకటించిరి. అంతట కొందఱు ఆ ముఖపత్రమును వెలుతురునకు ఎదురుగ పట్టి, వెనుకవైపు ముద్రితమైన కారు ప్రకటన ఆయన రూపమునకు అడ్డుపడుచున్నదని చూపి, దానిని గూడ సాక్ష్యములలో చేర్చిరి. ఖండనము సైతము సమర్థనముగ మాఱుచున్నచో అచ్చట విచారము ముగిసినది, మిగిలినది పట్టుదల.

శ్లేషకావ్యము, సాదా పద్యము

అభిమానులు ఈ త్రోవ పట్టుటకు కారణము లేకపోలేదు. ‘సార్జెంట్ పెప్పర్’ అట్ట నిజముగనే వెదకి చదువవలసిన చిత్రము. పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ అను దంపతులు దానిని రూపొందించిరి. 1967 మార్చి 30న మైకేల్ కూపర్ ఛాయాచిత్రము తీసెను. గాయకుల వెనుక కవులు, నటులు, తత్త్వవేత్తలు గుంపుగ నిలిచియుందురు. వారిలో మహావతార్ బాబాజీ, లాహిరీ మహాశయులు, శ్రీ యుక్తేశ్వర గిరి, పరమహంస యోగానంద అను నలుగురు భారతీయ యోగులున్నారు. గాంధీమహాత్ముని రూపము గూడ చేర్చబడినది. భారతదేశమున నొచ్చుకొందురను భయముతో కంపెనీవారు తీసివేయించిరి. ఎవరెవరు నిలిచియున్నారో గుర్తుపట్టుట ఆ చిత్రమును చూచువాని విధియే. పాటల మాటలును వెనుక అట్టపై అచ్చువేయబడినవి. ఆ మఱుసటి యేడు రిచర్డ్ హామిల్టన్ రూపొందించిన అట్ట దానికి పూర్తిగ విరుద్ధము: అంతయు తెలుపు, పేరు మాత్రము ఉబ్బెత్తుగ, మొదటి ప్రతులకు వరుస సంఖ్యలు.

పింగళి సూరన రాఘవపాండవీయమును చదువువాడు ప్రతిపదమునకు రెండర్థములు వెదకవలెను. కవి అట్టి ప్రతిజ్ఞతోనే వ్రాసెను. రామకథయు భారతకథయు మొదటినుండి తుదివఱకు నడచును. కాని ఆ యలవాటుతో సాదా పద్యమును పట్టి, అందును రెండవ కథ కలదనుట చదువరి దోషము. ‘సార్జెంట్ పెప్పర్’ శ్లేషకావ్యము వంటిది. ‘అబీ రోడ్’ సాదా పద్యము వంటిది. మొదటిదానికి తగిన చదువును రెండవదానికి తగిలించుటయే ఈ వాదమునకు మూలము.

తాత్పర్య నిర్ణయము

ఇచ్చట నొక ఆక్షేపము రావచ్చును. చిత్రము ప్రజల సొత్తు. చూచువానికి తోచినదే యర్థము. కర్త ఉద్దేశముతో పనియేమని కొందఱందురు. ఇందు సగము సత్యము కలదు. కర్త యుద్దేశింపని యర్థము కృతిలో స్ఫురింపవచ్చును. ధ్వనిని ప్రతిపాదించిన ఆనందవర్ధనుడును వాచ్యార్థమునకు మించిన యర్థము నంగీకరించెను. కాని ఆ యర్థము సమగ్రకృతినుండి వెలువడవలెను. ఒక మూలనుండి పెఱికి తెచ్చిన ముక్కనుండి కాదు. మీమాంసకులు తాత్పర్యమును నిర్ణయించుటకు ఆఱు లింగములను చెప్పిరి. వానిలో ఉపక్రమోపసంహారముల ఐక్యము, అభ్యాసము, ఉపపత్తి అను మూటిని ఈ అట్టకును రికార్డునకును పట్టి చూచిన చాలును.

ఉపక్రమము: రికార్డులోని మొదటి పాట పేరు ‘కమ్ టుగెదర్’, అనగా కలిసి రండని. ఉపసంహారము: రెండవ పక్కన పాటల మాలిక ‘ది ఎండ్’ అను పాటతో, అనగా ముగింపుతో, నిలుచును. కొన్ని క్షణముల నిశ్శబ్దము తరువాత వినవచ్చు చిన్న పాట ఒకటి కలదు. మొదటి ముద్రణమున దాని పేరు అట్టపై లేదు. అభ్యాసము: నలుగురును ఎవరి పాటలు వారు కట్టి తెచ్చిరి. ‘ది ఎండ్’ పాటలో మువ్వురు వంతులవారీగ గిటారు వాయింతురు. నాలుగవవాడు ఒంటరిగ డ్రమ్ములు వాయించును. ఎవరి పలుకు వారిదే, తాళము మాత్రము ఒక్కటి.

ఇప్పుడు మరల అట్టను చూడవలెను. నలుగురు, నాలుగు వేషములు, సమానమైన ఎడము, ఒకే వరుస. ఒకడైనను మఱియొకనివైపు చూచుట లేదు. ధ్వనిముద్రణాలయము వారి వెనుకవైపున నున్నది. వారు దానినుండి దూరముగ నడచిపోవుచున్నారు. ఈ చిత్రము తీసిన పండ్రెండు దినములకు, 1969 ఆగస్టు 20న, నలుగురును కలిసి ధ్వనిముద్రణాలయమున కూర్చుండుట తుదిసారి జరిగెను. మఱుసటి నెలలోనే లెనన్ తాను వైదొలగుచుంటినని తోడివారికి చెప్పెను. 1970 ఏప్రిల్ 10న మెకార్ట్నీ వైదొలగిన వార్త పత్రికల కెక్కెను. ‘లెట్ ఇట్ బీ’ 1970 మేలో వెలువడినను, అందలి పాటలలో పెక్కు 1969 జనవరిలోనే రికార్డు చేయబడినవి. కావున కలిసి చేసిన తుదిపని ‘అబీ రోడ్’ అనవలెను.

ఎదురుదిక్కు నడకగల చిత్రమును కాక ఈ చిత్రము నేరుకొనుటకు కాళ్ల తీరు కారణమే గాని, విడిపోవుటను సూచింపవలెనను సంకల్పము కాదు. ఐనను ఈ యర్థము చిత్రమునకు అతుకుపెట్టినది కాదు. దీనికి కారు సంఖ్య అక్కఱలేదు, బిళ్లపై యక్షరము అక్కఱలేదు, రహస్యము తెలిసినవాని సహాయము అక్కఱలేదు. చిత్రము మొత్తము, పాటలు మొత్తము, ఆ యేటి చరిత్ర, మూడును దీనిని సమర్థించుచున్నవి. ఉపపత్తి యనగా నిదియే.

శోచనీయమైన యంశ మొకటి మిగిలినది. మరణవార్తను ఖండించుటకు ప్రకటింపబడిన ఆ ‘లైఫ్’ సంచికలోనే, బీటిల్స్ కథ ముగిసినదని మెకార్ట్నీ తేటమాటలతో చెప్పియుండెను. ఆ మాటను నాడు పట్టించుకొన్నవారు అరుదు. ఒక మనుష్యుని మరణమునకు గుర్తులు వెదకుచున్నవారు, ఆ నలుగురి కూటమి మరణము కన్నులయెదుట అట్టపై నడచిపోవుచుండగ చూడలేదు. పత్రికలో ముద్రితమై యుండగ చదువలేదు. రహస్యార్థము కొఱకు త్రవ్విన శ్రమలో ప్రకటార్థము పూడిపోయినది. ఈ వాదమువలన కలిగిన నష్టమిదియే.

ఉపసంహారము

1993లో మెకార్ట్నీ ‘పాల్ ఈజ్ లైవ్’ అను రికార్డును ప్రకటించెను. దాని అట్టపై అదే చారలదారిని, కాళ్లకు బూట్లతో, ఒక కుక్కను వెంటబెట్టుకొని దాటుచున్నాడు. కారు సంఖ్యాఫలకముపై ‘51 ఐ.ఎస్.’ అని యున్నది. నాటికి ఆయనకు 51 యేండ్లు. ఆ సంఖ్య కావలెనని పెట్టినది. దానిని చదువుట న్యాయము. 2010 డిసెంబరులో బ్రిటిష్ ప్రభుత్వము ఆ చారలదారిని రక్షిత కట్టడముల పట్టికలో చేర్చినది. పది నిమిషముల పని యొక వీథిని చరిత్రస్థలముగ చేసినది.

నేడు పాటలు చేతిఫోనులలో వినబడుచున్నవి. పండ్రెండంగుళముల అట్ట బొటనవ్రేలి గోరంత బొమ్మయైనది. అంత చిన్న బొమ్మలో చూచుటకు చోటు తగ్గినను, ఊహించుటకు తగ్గలేదు. ఒక ఛాయాచిత్రమును చూపి మరణమునో మోసమునో ప్రచారము చేయుటకు నాడు రేడియోయు పత్రికయు కావలసివచ్చినవి. నేడు ఒక్క వ్రేలు చాలును. కావున చదువవలసిన విధము ఎప్పటికంటె ఇప్పుడు ముఖ్యము. మెదకు సీమ కొల్చారమువాడని పండితులు చెప్పు మల్లినాథసూరి, మూలమున లేనిదానిని వ్రాయకుండుటయు, అక్కఱలేనిదానిని చెప్పకుండుటయు వ్యాఖ్యాతగ తన నియమములుగ పెట్టుకొనెను. కాళిదాసు కావ్యములకే కాదు, గ్రామఫోను అట్టకును ఆ నియమములు చాలును. పరభాషల నడుమ నుండి తెలుగు నేర్చుకొను పిల్లలకు గురువులు మొదట చెప్పునదియు ఇదియే: ముందు ఉన్నదానిని ఉన్నట్లు చదువవలెను, తెలియని యక్షరమునకు ఊహతో పలుకు కట్టరాదు, వాక్యము ముగియువఱకు చదివి యర్థము చెప్పవలెను. అబీ రోడ్ అట్టను అట్లు చదివినవారికి అందు శవము కనబడదు. ఎండలో ఒక వీథిని దాటుచు, ఒకరినొకరు చూడకయే విడిపోవుచున్న నలుగురు స్నేహితులు కనబడుదురు.